ఎర్ర సిరా పక్కన పెట్టి: ఒక అద్భుత నవల మొదటి ప్రకరణం

ఈ శీర్షికలో ఇంతవరకు మేము అచ్చయి వచ్చిన పుస్తకాలను గురించే వ్రాస్తూ వచ్చాము. అచ్చయిన పుస్తకాన్ని మెచ్చుకొన్నా తెగడినా అందులో ఒక్క అక్షరం మారదు. ఈసారి ఇంకా అచ్చుకాని, అసలు పూర్తే కాని ఒక రచనను గురించి వ్రాస్తున్నాము. మేమనే మాట వలన అది మారవచ్చు; మంచిగా మారవచ్చు, లేదా అక్కడితో ఆగిపోనూ వచ్చు. అందుచేత ఈ నాలుగు పేజీలు వ్రాయటానికి మాకు మామూలుకన్న ఎక్కువ జంకు కలిగిందని పాఠకులకు ముందే మనవి చేసికొంటున్నాము.

మన ఆదివారపు తెలుగు తరగతిలో కొన్నేళ్లు చదువుకొని, ఇప్పుడు పట్టణంలో ఉద్యోగం చేసికొంటున్న ఒక అమ్మాయి రెండు నెలల క్రితం ఇరవైరెండు పేజీల వ్రాతప్రతి తెచ్చి మా చేతికిచ్చింది. తాను వ్రాయదలచిన నవలలో అది మొదటి ప్రకరణమట. ఈ కాలపు పిల్లలు ఫాంటసీ అని పిలుచుకొనే అద్భుత నవల. "మాష్టారూ, బాగుందని మాత్రం అనకండి. ఏం చెయ్యాలో చెప్పండి" అన్నది. ఆమె అనుమతితోనే, పేరు చెప్పకుండా, మా అభిప్రాయాన్ని ఇక్కడ వ్రాస్తున్నాము.

ఇరవైరెండు పేజీలేనా అని ఎవరైనా అనుకొంటే, మన మలేషియాలో తెలుగు వ్రాత ఇప్పుడెంత ఉన్నదో ఒకసారి తలచుకోవలసిందిగా కోరుతున్నాము. పెళ్లి శుభలేఖలు, ఉగాది శుభాకాంక్షలు, సంతాప సందేశాలు, సంఘం మహాసభల నివేదికలు. చాలావరకు ఇంతే. ఎవరూ అడగకుండా, బహుమతి ఏమీ లేకుండా, లేని లోకాన్ని ఒకదానిని తెలుగులో ఊహించి ఇరవైరెండు పేజీలు వ్రాసినవారు మా ఎరుకలో మరొకరు లేరు.

కాదు, ఒకరు ఉండేవాడు. ఇరవై యేళ్ల క్రితం మాట. మా తరగతిలో పధ్నాలుగేళ్ల కుర్రవాడు పులిగా మారే మనిషిని గురించి ఒక కథ వ్రాసి తెచ్చాడు. మేము కూడా తెలుగును ఇంట్లో కన్న ఎక్కువగా సాయంకాలపు తరగతుల్లోనే, గుడి మండపంలో బల్లల మీద కూర్చొని నేర్చుకొన్నవాళ్లం. అలా నేర్చినవారికి తప్పు దొరికితే ఒక ఉత్సాహం ఉంటుంది. ఎర్ర సిరా కలంతో ఆ కథనంతా దిద్ది, పైన "43 తప్పులు" అని లెక్కవేసి ఇచ్చాము. పులిని గురించి ఒక్క మాట అనలేదు. ఆ కుర్రవాడు తరువాతి ఆదివారం రాలేదు, ఆపైన ఎప్పుడూ రాలేదు. మొన్నామధ్య ఒక పెళ్లిలో కనిపించి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "మాష్టారూ" అన్న ఆ ఒక్క మాటే తెలుగు. మిగిలినదంతా మలయ్, ఇంగ్లీషు. ఆ కథలో పులి చివరకు మళ్లీ మనిషి అయిందో లేదో మాకు గుర్తులేదు. నలభైమూడు మాత్రం గుర్తున్నది.

కనుక ఈ అమ్మాయి వ్రాతప్రతిని మొదటిసారి చదివేటప్పుడు చేతిలో కలం పెట్టుకోలేదు.

కథ స్థూలంగా ఇది. మంచుకొండల నడుమ వాల్డోర్ అనే కోట. దానిని ఏలిన ఏడుగురు రాజుల చరిత్ర మొదటి ఆరు పేజీలు. ఏడవ రాజు కూతురు ఎలారా. శత్రువులు కోటను పట్టుకొన్న రాత్రి ఆమె మంచు తుపానులో పారిపోతుంది. దారిలో మూడుసార్లు శత్రువులు చుట్టుముడతారు. మూడుసార్లూ ఆమె అరచేతినుండి నిప్పు పుట్టించి వాళ్లను కాల్చివేస్తుంది. పదమూడవ పేజీలో ఒక అడవి చేరుతుంది. తెల్లవారటానికి ఇంకా చాలా సేపున్నది. ఒక ముసలమ్మ తలకు దీపం కట్టుకొని, చెట్టు చెట్టుకూ తిరుగుతూ, బెరడు మీద కత్తితో సన్నని గీత గీసి, కారిన పాలను చిప్పలలో పడుతున్నది. ఆ పాలే ఆ లోకంలో దీపాలకు చమురు. ముసలమ్మ రాకుమారికి సల్దికూడు పెడుతుంది, పగలంతా దాస్తుంది, అడవి దాటి మాత్రం పోవద్దంటుంది. అవతల ఇనుప పట్టాలున్నాయి. వాటి వైపు ఆమె చూడదు. చివరి రెండు పేజీలలో ఆకాశంనుండి డ్రాగన్ ఒకటి దిగుతుంది, రాకుమారి నిప్పు విసురుతుంది, అది చచ్చిపోతుంది. ప్రకరణం సమాప్తం.

అమ్మాయితో మేము మొట్టమొదట చెప్పినది, ఏ పేజీలో మా టీ చల్లారిపోయిందన్న సంగతి. అది పదిహేనవ పేజీ. పట్టపగలు ఎండ కాస్తుండగా అడవిలో నాలుగు వైపులనుండి టప్‌టప్‌మని చప్పుళ్లు వస్తాయి. శత్రువులు ముట్టడించారనుకొని రాకుమారి కత్తి దూస్తుంది. ముసలమ్మ నవ్వుతుంది. అవి చెట్ల కాయలు ఎండకు పగిలి గింజలు విసరుతున్న చప్పుళ్లు. రబ్బరు తోటలో పెరిగినవారెవరూ ఈ చోటు చదివి నవ్వకుండా ఉండలేరు. తోట ఎరుగనివారికి ఇది నిజంగానే మాయలోకం. భయం, హాస్యం, పరిచయం, మూడూ ఎనిమిది వాక్యాలలో కుదిరాయి. ఇలాగని చెప్పినప్పుడు అమ్మాయి ఆశ్చర్యపోయింది. తాను ఆ చోటు తీసివేద్దామనుకొన్నదట, "మరీ మామూలుగా ఉన్నదని".

ఉత్త "బాగుంది" వలన వ్రాసినవారికి ప్రయోజనం లేదు. ఏది, ఎక్కడ, ఎందుకు బాగుందో చెప్పకపోతే, దిద్దుకొనేటప్పుడు వారు ఆ మంచిదానినే కొట్టివేసే ప్రమాదమున్నది. మెచ్చుకోలు మర్యాద కోసం మాత్రమే అనుకొనే సభాధ్యక్షులు ఈ సంగతి గమనించగోరుతాము.

ఇక లోపాలు. మేము కాగితం మీద పదకొండు వ్రాసుకొన్నాము. అమ్మాయితో మూడే చెప్పాము. ఒక్కసారి పదకొండు చెబితే మనిషికి గుర్తుండేది పదకొండన్న అంకె మాత్రమేనని నలభైమూడు మాకు నేర్పింది.

మొదటిది ప్రారంభం. ఏడుగురు రాజుల పేర్లు, వారి యుద్ధాలు, మూడు వంశాల పగలు చదివి ఏడవ పేజీకి చేరేసరికి మాకు రెండవ రాజెవరో మరపుకు వచ్చాడు. పాఠకునికి ముందు చరిత్ర చెప్పాలి, తరువాత కథ చెప్పాలి అన్న భయం క్రొత్త రచయితలకు సహజం. కాని మన సాహిత్యంలోనే దీనికి మంచి జవాబున్నది. పదహారవ శతాబ్దిలో పింగళి సూరన వ్రాసిన కళాపూర్ణోదయాన్ని చూడండి. మేము దానిని మూలంలో చదివి ఆనందించగల పండితులం కాము, వచనంలో చెప్పిన కథగానే ఎరుగుదుము. అయినా ఒక సంగతి తెలిసింది. ఎనిమిది ఆశ్వాసాల ఆ కావ్యానికి కళాపూర్ణుని పేరే పెట్టి కూడా, సూరన అతని పుట్టుపూర్వోత్తరాలను మొదట చెప్పలేదు. కలభాషిణి ఉయ్యాల ఊగుతూ ఉంటుంది; తలెత్తితే ఆకాశంలో రంభానలకూబరుల విమానం. అక్కడ పట్టుకొన్న కుతూహలం మనల్ని చాలా దూరం నడిపిస్తుంది. ముడి మొదట, దానికి మూలం చాలా తరువాత. ఆ మూలం తెలిసే వేళకు మనకు దాని అవసరం పుట్టి ఉంటుంది.

అమ్మాయి ప్రకరణానికి కూడా ఇదే సలహా ఇచ్చాము. ఏడుగురు రాజులను చంపనక్కరలేదు. వాళ్లను వేరే నోటుపుస్తకంలో కూర్చోబెట్టి, ఎప్పుడు ఎవరితో పని పడితే వారిని పిలవవచ్చు. ఏడవ పేజీలో "ఆ రాత్రి కోటలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి" అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటున్నది. మా దృష్టిలో నవల అక్కడ మొదలవుతున్నది. పైగా ఆ దీపాలలోని చమురు పదమూడవ పేజీలోని ముసలమ్మ చేతి పాలే అని ఆలోచిస్తే, కోటకూ అడవికీ నడుమ ఒక దారి తనంతట తానే పడుతుంది. ఈ సంగతి రచయిత్రి కావాలని చేసిందా అని అడిగాము. కాదట. కాకపోయినా అది ఆమె వ్రాతలోనే ఉన్నది, మేము తెచ్చి పెట్టినది కాదు.

రెండవది మంత్రశక్తి. రాకుమారి మూడుసార్లు నిప్పు పుట్టిస్తుంది, మూడుసార్లూ ఏ నష్టమూ లేదు, అలసట కూడా లేదు. మొదటిసారి మాకు ముచ్చటేసింది. మూడవసారి శత్రువుల మీద జాలి కలిగింది. డ్రాగన్ వచ్చేసరికి, పాపం ఇదీ చస్తుంది గదా అనుకొన్నాము, చచ్చింది. ఖర్చులేని శక్తి ఉన్నచోట పాఠకునికి భయం ఉండదు, భయం లేనిచోట కథ నడవదు.

అద్భుత కథకు ఏ నియమమూ అక్కరలేదు, ఏమైనా జరగవచ్చు అని కొందరంటారు. మన పెద్దలు మరీమరీ చూచిన సినిమాలే దీనికి సమాధానం చెబుతాయి. 1951లో వచ్చిన పాతాళభైరవిలో ఆ విగ్రహం ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. నియమం అంతే. అందుచేతనే తోటరాముడి చేతిలో అది వరం, నేపాళ మాంత్రికుడి చేతికి పోతే ఆపద. విగ్రహం మంచివారి మాట మాత్రమే వినేదయితే సగం సినిమా లేదు. అదే కె.వి.రెడ్డిగారు 1957లో తీసిన మాయాబజార్‌లో ప్రియదర్శిని పేటిక తెరచి చూచినవారికి తమకేది ప్రియమో అదే కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, కృష్ణునికి శకుని. ఆ పెట్టె ఎవరినీ కాల్చదు, కూల్చదు. మనిషి లోపల ఏమున్నదో బయటపెడుతుంది. మాయ చేయవలసిన పని అది.

అమ్మాయి నవలలో ఇటువంటి నియమం లేకపోలేదు. అది అరచేతి నిప్పులో లేదు, ముసలమ్మ కత్తిలో ఉన్నది. గీత లోతుగా పడితే చెట్టు నొచ్చుకొంటుందని, ఎండ ఎక్కితే పాలు ఆగిపోతాయని, వాన పడితే ఆనాటి దీపాలకు చమురు ఉండదని ముసలమ్మ చెబుతుంది. ఇవి అక్షరాలా తోట పని నియమాలు. రబ్బరు చెట్టుకు పాలుండేది బెరడులోనే. కొయ్యకు కత్తి తగలకుండా ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం విడిచిపెట్టి కోయాలి. తగిలితే ఆ చోట బెరడు మళ్లీ నునుపుగా రాదు, బొడిపెలు కడుతుంది. తెల్లవారుజామున చల్లదనంలో పాలు బాగా కారుతాయి గనుకనే మన అమ్మలు, నాన్నలు చీకటితో లేచి దీపం కట్టుకొని పోయేవారు. మా అమ్మగారి చేతిలో ఆ కొలత ఉండేది. కొలబద్ద ఎన్నడూ పట్టి ఎరుగరు. ఇంత కచ్చితమైన, ఇంత న్యాయమైన మంత్రశాస్త్రం చేతిలో ఉంచుకొని, ఊరకే వచ్చే నిప్పును ఎందుకు అరువు తెచ్చుకోవాలి? రాకుమారి నిప్పుకు కూడా ఈ చెట్ల పాలకున్నటువంటి హద్దు ఒకటి పెట్టుకొమ్మన్నాము. ఆ హద్దు ఏమిటన్నది ఆమె ఇష్టం.

ఈ సందర్భంలో మంచు సంగతి కూడా వచ్చింది. చూడని మంచును గురించి వ్రాయరాదని మేమనలేదు. ఆ మాట అంటే అద్భుత సాహిత్యమే ఉండదు. మా చిన్నతనంలో మా గురువుగారి ఇంట్లో ఉన్న పాత చందమామల కట్టలో మేము చదివిన జ్వాలాద్వీపాలు, రాకాసిలోయలు ఎవరు చూచి వచ్చారు? కాని అమ్మాయి మంచును వర్ణించిన తొమ్మిది వాక్యాలలోనూ రెండే సంగతులున్నాయి, తెలుపు, చలి. తోటను వర్ణించిన ఒక పేజీలో మేము లెక్కపెట్టినవి పదిహేడు. చిప్ప అంచున గట్టిపడిన పాల పొర, దానిని చుట్టి బంతి చేసే వేళ్లు, తడి ఆకుల మీద జారే పాదం. మంచు ఉంచదలచుకొంటే ఉంచవచ్చు. దానికి కూడా ఇన్ని సంగతులు సంపాదించాలి. మా ఇంట్లో ఐస్‌పెట్టె ఉన్నదిగదా, చెయ్యి పెట్టి చూడమంటే నవ్వింది.

మూడవది ముగింపు. దాసరి సుబ్రహ్మణ్యంగారు తోకచుక్కతో మొదలుపెట్టి 1950లనుండి చందమామలో పేరు లేకుండా వ్రాసిన ధారావాహికలను పాఠకులు ఎరుగుదురు. ఆ పత్రిక ఇప్పుడు లేదు గాని, ప్రతి నెలా వారు కథను ఎక్కడ ఆపేవారో చదివినవారికి మరపు రాదు. తలుపు తెరచుకొన్న చోట ఆపేవారు, మూసుకొన్నచోట కాదు. ఈ ప్రకరణం చివర డ్రాగన్ చస్తుంది, తలుపు మూసుకొంటుంది. రెండవ ప్రకరణం కోసం ఎదురుచూడటానికి మాకేమీ మిగలలేదు. ఒక్కటి తప్ప. అది చివర చెబుతాము.

ఇప్పుడు భాష సంగతి. మాకు తల వంగిన చోటు ఇదే. రెండవసారి చదివేటప్పుడు కలం తీశాము, ఎర్రది కాదు, పెన్సిలు. ల ళ లు, న ణ లు, శ ష స లు తారుమారైన చోట్లు వేరే కాగితం మీద వ్రాసుకొన్నాము. అవి నిజమైన తప్పులే, అచ్చుకు ముందు దిద్దవలసినవే, కాని వాటి వంతు చివర రావాలి. రేపు కొట్టివేయబోయే పేజీలో అక్షరదోషాలు దిద్దటం కూల్చే గోడకు సున్నం కొట్టటం. ఇవి గాక మరో పదిహేను మాటల క్రింద గీత గీశాము. ముసలమ్మ మాటల్లో వచ్చేవి. "బేగి", "గెడ్డ", "ఏటి", "ఒగ్గెయ్", "గుంట". మేము తరగతిలో నేర్చిన పుస్తకాలలో ఇవి లేవు. వాటికి బదులు త్వరగా, వాగు, ఏమిటి, విడిచిపెట్టు, పిల్ల అని పైన వ్రాశాము.

ఎందుకో అనుమానం వచ్చి, మా వీధి చివరనున్న పెద్దమ్మగారి దగ్గరకు పోయాము. తొంభైకి దగ్గరపడినావిడ. ఆమె పెద్దలు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపునుండి వచ్చినవారు. ఒక్కొక్క మాట చదివి వినిపిస్తుంటే ఆమె మొగం వెలిగింది. "గెడ్డంటే ఏటి పెద్దమ్మా, వాగేనా?" అని అడిగాము.

"వాగేటి బాబూ? గెడ్డంటే గెడ్డే. కాలవ మనిసి తవ్వినాది. గెడ్డ కొండమీంచి దానంతటదే దిగొత్తాది. ఇన్నేళ్లు సదువు సెప్తన్నావు, నీకు తెల్దా?"

తెలియదు. పదిహేను మాటలలో పదకొండు ఆమె నోటిలో పుట్టినప్పటినుండి ఉన్నవే. మిగిలిన నాలుగిటిలో రెండు మలయ్ మాటలు, తోటలో అందరూ వాడేవి. నిజంగా తప్పులు రెండే. అమ్మాయికి ఆ మాటలు తన అమ్మమ్మ దగ్గర వచ్చాయి. నూటయాభై సంవత్సరాలలోపు ఎప్పుడో ఓడ ఎక్కి, ఇన్ని తోటలు మారి, మూడు నాలుగు తరాలు దాటి వచ్చిన మాటలను, ఒక పుస్తకం రెండు పుస్తకాలు చదివిన మేము తప్పులని కొట్టబోయాము. ఆ కుర్రవాడి నలభైమూడిటిలో ఇటువంటివి ఎన్ని ఉండేవో ఇప్పుడు తెలిసికొనే దారి లేదు.

పెన్సిలు గీతలు చెరిపివేసి, అమ్మాయికి ఒక సూచన చేశాము. ముసలమ్మ మాటలు ముసలమ్మవిగానే ఉండాలి. రాకుమారి పుస్తకాల తెలుగు మాట్లాడవచ్చు, కోటలో పెరిగినది కనుక. మొదట ఒకరి మాట ఒకరికి సగమే అర్థం కావాలి. ప్రకరణం సాగేకొద్దీ రాకుమారి నోట ఎప్పుడో ఒక "బేగి" రావచ్చు. చదివేవారికి అర్థం కాదేమోనని బ్రాకెట్లలో అర్థాలు ఇవ్వవద్దన్నాము. ముసలమ్మ పిలుస్తూ పరుగెత్తుతుంటే, "బేగి" అంటే ఏమిటో ఎవరికి తెలియదు?

ఇక చివర చెబుతామన్న మాట. ఆ ఇనుప పట్టాలు.

వ్రాతప్రతిలో ఇవి వచ్చేది మూడు వాక్యాలలోనే. అడవి దాటితే పట్టాలున్నాయి. ముసలమ్మ అటు చూడదు. అటు పోయినవారికి సల్దికూడు కట్టి ఇచ్చేవారట. అంతే. తరువాత డ్రాగన్ వస్తుంది, రచయిత్రి పట్టాలను మరచిపోతుంది. కళ్లెదుట దిగి నిప్పులు కక్కే డ్రాగన్ మమ్మల్ని భయపెట్టలేదు. కంటికి కనబడని పట్టాలు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

మన పాఠకులలో చాలామందికి ఇది దేనిని గురించో వెంటనే తెలుస్తుంది. 1942, 43 సంవత్సరాలలో జపాను సైన్యం సయాంనుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. మలయా తోటలనుండి వేలకు వేలమంది కూలీలను, తమిళులను, మనవారిని, ఇతరులను, అక్కడికి తీసుకుపోయారు. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు. పోయినవారిలో ఎంతోమంది తిరిగి రాలేదు. యుద్ధఖైదీల సంగతి పుస్తకాలలో, సినిమాలలో వచ్చినంతగా మన కూలీల సంగతి రాలేదు.

ఆ రాత్రి మేము లేచి కూర్చొని, అమ్మాయి నవల ఎలా నడవాలో నాలుగు పేజీలు వ్రాశాము. డ్రాగన్‌ను తీసివేసి రైలును పెట్టాము. ముసలమ్మ భర్త కథ కల్పించాము. రాకుమారి పట్టాల వెంట ఎక్కడిదాకా పోవాలో కూడా తేల్చివేశాము. ఎంతో బాగున్నదనిపించింది. తెల్లవారి మళ్లీ చదివి చించివేశాము. అది మా నవల, ఆమెది కాదు. ఇతరుల ఇల్లు చూడటానికి పోయి గోడలు జరపడం మొదలుపెట్టే పెద్దమనిషి ప్రతి విమర్శకుడిలోనూ ఒకడుంటాడు. వాడు ఎర్ర సిరా పంతులుకన్న ప్రమాదకరమైనవాడని మాకనిపిస్తున్నది. పంతులు మాటలు తీసివేస్తాడు, వీడు కథనే పట్టుకుపోతాడు.

కనుక పట్టాలను గురించి సలహా ఏదీ ఇవ్వలేదు. వ్రాతప్రతి చివరి పేజీ వెనుక ఒక ప్రశ్న మాత్రం వ్రాశాము: "ముసలమ్మ అటు ఎందుకు చూడదు?"

అమ్మాయి దానిని చదివి చాలాసేపు ఊరుకొన్నది. "మా అమ్మమ్మ కూడా చూసేది కాదు మాష్టారూ. లైను ఇళ్ల వెనక రైలు కూత వినిపిస్తే లోపలికి వెళ్లిపోయేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు" అన్నది. తరువాత, "ఇప్పుడెవర్ని అడగను? అమ్మమ్మ నిరుడు పోయింది" అన్నది.

దీనికి మా దగ్గర జవాబు లేదు. మా వీధి చివరి పెద్దమ్మగారికి ఆ రైలు వేసేనాటికి ఆరేడేళ్లుండాలి. పదిహేను మాటలకు అర్థాలు అడిగాము గాని, ఆమె తండ్రిగారు ఎక్కడ పోయారన్నది ఇన్నేళ్ల పరిచయంలో మేము కూడా అడగలేదు. వచ్చే ఆదివారం తరగతి అయిన తరువాత అమ్మాయి, మేము కలసి ఆమె ఇంటికి పోదామనుకొన్నాము. ఆమె చెప్పదలిస్తే వింటాము. చెప్పకపోతే టీ తాగి వస్తాము.

పాఠకులకు రెండు విన్నపాలు. మీ ఇళ్లలో ఆ రైలును ఎరిగిన పెద్దలెవరైనా ఇంకా ఉంటే, వారు చెప్పినది చెప్పినట్లు, వారి మాటల్లోనే, దిద్దకుండా వ్రాసి ఈ పత్రికకు పంపండి. మీ పిల్లలెవరైనా తెలుగులో ఏమైనా వ్రాసి మీ చేతికిస్తే, కలం తీయకముందు ఒకసారి పూర్తిగా చదవండి. ఎక్కడ మీ టీ చల్లారిందో చెప్పండి.

అమ్మాయి రెండవ ప్రతి వ్రాయటం మొదలుపెట్టింది. రాకుమారి పేరు మార్చాలా అని అడిగింది. అది మేము చెప్పవలసినది కాదన్నాము.